కుల్లీతో పాచి పోదు



సఫాయీ గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదని మన ధీమా. ఐదు పూటల నమాజ్, పూటకో వజూ, వజూలో మూడు కుల్లీలు. లెక్కేస్తే రోజుకు 15 సార్లు నోట్లో నీళ్ళు పుక్కిలించే ఖౌమ్ మనది. మరి ఆ నోళ్ళు ఎట్లున్నాయి? ఆదోనిలో ఏ మొహల్లాకైనా, ఎమ్మిగనూరులో ఏ గల్లీకైనా పోయి చూడండి. యాభై దాటకుండానే ముందుపళ్ళు కదులుతున్న చాచాలు కనబడతారు. వేడి చాయ్ ఒక పక్క దవడతోనే తాగే ఖాలాలు కనబడతారు. బడికి పోయే పిల్లల పాలపళ్ళు నల్లగా మొద్దులై ఉంటాయి. ఇది మన ఇళ్ళకే వచ్చిన బీమారీ కాదు, పక్కింటి రెడ్డిగారి ఇంట్లోనూ, నేతగాళ్ళ ఇళ్ళలోనూ ఉంది. కానీ ఇన్ని కుల్లీలు చేసే మనకూ అంతే ఉండడమేంటని ఎప్పుడైనా ఆలోచించామా?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నోరు తడపడం వేరు, పళ్ళు రుద్దడం వేరు. మన దీన్ రెండూ నేర్పింది. మనం మొదటిది గట్టిగా పట్టుకుని రెండోదాన్ని జేబులో పెట్టుకున్నాం. జేబులో అని ఊరికే అనడం లేదు. మిస్వాక్ ఇప్పుడు చాలామందికి కుర్తా జేబులోంచి కనబడే పుల్ల, అంతే.

ఇది ఎందుకంత పెద్ద విషయమో తెలియాలంటే పళ్ళ మీద రోజూ ఏం జరుగుతుందో తెలియాలి. మన తెలుగులో దానికి చక్కని మాట ఉంది, పాచి. పొద్దున లేవగానే ‘పాచి నోరు’ అంటాం. తుంగభద్ర దిగువ కాలువ మెట్ల మీద, ఇంటి ముందర నీళ్ళ తొట్టి లోపలి అంచున జారే పొరనూ పాచే అంటాం. మన పెద్దోళ్ళు మైక్రోస్కోప్ చూసి ఈ పేరు పెట్టలేదు. వేలితో తాకి చూసి పెట్టారు. సైన్సు ఇప్పుడు చెప్పేదీ అదే. నీళ్ళలో రాయి మీద పెరిగే పొర, నోట్లో పంటి మీద పెరిగే పొర ఒకే తరహావి. తేలుతూ తిరిగే సూక్ష్మజీవులు, మన ఉర్దూలో జరాసీమ్, ఒక గట్టి చోటు దొరకగానే అంటుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని, జిగురు పూసుకుని కాపురం పెట్టడమే పాచి.

ఆ కాపురం ఎట్లా మొదలవుతుందో చూడండి. పళ్ళు తోముకున్న కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రొటీన్లు పంటి మీద సన్నని పొరలా పరుచుకుంటాయి. అది చెడ్డది కాదు, పంటిని కాపాడేదే. కానీ జరాసీమ్‌కు అది చాప పరిచినట్టు. మొదట వచ్చి కూర్చునేవి స్ట్రెప్టోకాకస్ జాతిలో కొన్ని రకాలు, వాటితోపాటు ఆక్టినోమైసిస్. వాటి ఒంటి మీద నూగులాంటి సన్నని పోగులుంటాయి. ఆ పోగుల కొసలకు ఆ ప్రొటీన్ పొరను పట్టుకునే కొక్కేలు. ఒకసారి పట్టుకున్నాయంటే లాలాజలం వాటిని కొట్టుకుపోనివ్వలేదు. కొన్ని గంటల్లోనే ఒకటి రెండై, రెండు నాలుగై పంటిని కప్పేస్తాయి.

తర్వాత జరిగేది ఇంకా వింత. కొత్తగా వచ్చేవి పంటిని పట్టుకోవు, ముందు వచ్చినవాటిని పట్టుకుంటాయి. అదీ ఎవరిని పడితే వాళ్ళను కాదు. 1970లో గిబ్బన్స్, నైగార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పళ్ళ పాచిలోంచి తీసిన రకరకాల జరాసీమ్‌ను జతలు జతలుగా కలిపి చూశారు. కొన్ని జతలు కలవగానే విరిగిన పాలలా ముద్దలు కట్టాయి. కొన్ని జతలు ఎంతసేపు కలిపినా దేని దారి దానిదే. ఆ తర్వాత అమెరికాలో కోలెన్‌బ్రాండర్ అనే ఆయన దశాబ్దాలపాటు ఇదే పని మీద ఉండి, ఏది ఏ రకంతో చెయ్యి కలుపుతుందో పెద్ద పట్టికే తయారుచేశారు. తాళానికి తాళంచెవి కుదిరినట్టు, ఒకదాని మీది ప్రొటీన్ మరొకదాని మీది చక్కెర గొలుసుకు సరిపోవాలి. సరిపోతేనే దోస్తీ.

ఈ దోస్తీలన్నిటి మధ్యలో ఉండేది ఫ్యూసోబాక్టీరియం అనే పొడవాటి సూదిలాంటి జీవి. అది ముందొచ్చినవాటితోనూ కలుస్తుంది, చివరికి వచ్చేవాటితోనూ కలుస్తుంది. రెండు ఖాందాన్‌ల మధ్య నిస్బత్ కుదిర్చే మష్షాతాలాంటిది. దాని చెయ్యి పట్టుకునే చివరి గుంపు లోపలికి వస్తుంది. చిగుళ్ళను తినేసేది ఆ గుంపే. వాటికి గాలి పడదు. ముందు వచ్చినవి గాలిలోని ఆక్సిజన్‌ను వాడేసి, లోపల వాటికి చోటు తయారుచేసి ఉంచుతాయి. మైక్రోస్కోప్ కింద పాచిని చూస్తే కొన్నిచోట్ల పొడవాటి పుల్ల చుట్టూ గుండ్రని గింజలు అంటుకుని అచ్చం కంకిలా ఉంటుంది. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు కూడా మొక్కజొన్న కంకే. మనిషి నోట్లో ఇట్లాంటి జరాసీమ్ 700 రకాలకు పైగా ఉంటాయని లెక్క తీశారు. విడివిడిగా ఉంటే వాటిలో చాలావరకు మనకు హానిచేయవు. జమాత్‌లో బలముందని మనకు తెలుసు, అది వాటికీ తెలుసు.

ఇంక జిగురు సంగతి. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో గంజి గురించి ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. పడుగుకు గంజి పెడితే పోగులు ఒక్కటై గట్టిపడతాయి. నోట్లో ఆ గంజి పని చేసేది చక్కెర. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే జీవి మనం తాగే తీపి చాయ్‌లోని చక్కెరను తీసుకుని, కొంత తాను తిని, మిగిలినదాన్ని నీళ్ళలో కరగని జిగురుగా మారుస్తుంది. ఆ జిగురుతో పంటికి తాను అతుక్కుంటుంది, పక్కవాటినీ అతికిస్తుంది. అంటే చక్కెర వాటికి తిండీ, ఇల్లు కట్టుకునే గచ్చూ రెండూ.

ఇప్పుడు కుల్లీ సంగతికి వద్దాం. కాలువ మెట్టు మీద పాచి ఎంతకాలంగా ఉంది? దాని మీద పొద్దస్తమానం నీళ్ళు పారుతూనే ఉంటాయి కదా! పారే నీళ్ళకే పోనిది పుక్కిలించిన నీళ్ళకు పోతుందా? కుల్లీతో అన్నం మెతుకులు పోతాయి, తీపి పలచబడుతుంది, నోరు తేటపడుతుంది. అది మంచిదే, వజూలో దానికి చోటుంది. కానీ ఒకదాన్నొకటి పట్టుకుని, పైన జిగురు పూసుకున్న పాచిని అది కదిలించదు.

ఘాటైన మందునీళ్ళు పోస్తే పోతుందేమో అనుకునేవాళ్ళకు 300 ఏళ్ళ కిందటే జవాబు దొరికింది. హాలండ్ దేశంలో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో లేవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. తాను అరగదీసుకున్న అద్దాలతో తన పళ్ళ మధ్య తెల్లని పదార్థాన్ని చూసి, అందులో చిన్న చిన్న జీవాలు కదులుతున్నాయని 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునే మనిషి, అయినా సందుల్లో పాచి మిగిలే ఉంది. తర్వాత ఆయన సిర్కాతో కూడా పరీక్ష చేశాడు. పైనున్న జీవాలు చచ్చాయి, పాచి లోపలున్నవి బతికే ఉన్నాయి. సిర్కా లోపలిదాకా పోలేదని ఆయనకు అర్థమైంది. ఈ రోజు బజార్లో దొరికే నీలం, పచ్చ మౌత్‌వాష్‌ల పరిస్థితీ చాలావరకు అంతే. రుద్దిన తర్వాత వాడితే కొంత ఫాయిదా ఉంటుంది. రుద్దడానికి బదులుగా వాడితే పైపై మెరుగే.

మరి పాచిని ఏం చేయాలి? మన నూర్‌బాషా బిరాదర్లు తరతరాలుగా చేసిన పనే చేయాలి. ఆదోని పత్తి ఊరు. ముద్దకట్టిన దూదిని నీళ్ళు చల్లి ఎవరైనా విడదీస్తారా? విల్లు పెట్టి ఏకుతారు. పోగుకు పోగు విడిపోయేదాకా ఏకుతారు. పళ్ళ మీద ముద్ద కట్టినదాన్నీ అట్లాగే రోజూ ఏకాలి. బ్రష్‌తోనో, మిస్వాక్‌తోనో, వేపపుల్లతోనో, ఏదో ఒక కుచ్చుతో ప్రతి పంటినీ తాకుతూ రుద్దాలి. ఒకసారి విడగొడితే అవి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ చివరి గుంపు వచ్చేలోపు మనం మళ్ళీ ఏకేస్తాం. పళ్ళను కాపాడుకోవడంలో ఉన్న రహస్యమంతా ఇంతే.

ఏకకపోతే ఏమవుతుందో కూడా పరీక్ష చేసి చూశారు. 1965లో డెన్మార్క్‌లో లో అనే దంతవైద్యుడు, ఆయన సాథీలు చిగుళ్ళు బాగున్న 12 మందిని పళ్ళు తోముకోవడం ఆపేయమన్నారు. 10 రోజుల నుంచి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక ఒక వారం అటూ ఇటూగా అందరికీ తగ్గిపోయింది. ఏ మందూ లేదు, ఏ ఖర్చూ లేదు. ఈ ఒక్క సంగతి మన ప్రతి ఇంట్లో తెలియాలని నా కోరిక. ఎందుకంటే రక్తం వచ్చినప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని తోముకోవడం ఆపేయడం. ‘చిగుళ్ళు నాజూగ్గా ఉన్నాయి, తాకొద్దు’ అంటారు. సరిగ్గా అప్పుడే మెత్తని బ్రష్‌తో ఇంకా జాగ్రత్తగా తోమాలి. వారం పదిరోజులు సరిగ్గా తోమినా రక్తం ఆగకపోతే డాక్టర్‌కు చూపించాలి.

అట్లా వదిలేసిన పాచి కొన్నాళ్ళకు లాలాజలంలోని కాల్షియాన్ని పీల్చుకుని రాయి అవుతుంది. దాన్నే గార అంటాం. కింది ముందుపళ్ళ వెనకవైపు నాలుకతో తడిమి చూడండి, గరుగ్గా తగిలితే అదే. లాలాజలం ఊరే నాళాలు అక్కడే ఉంటాయి కాబట్టి గార అక్కడే ఎక్కువ కడుతుంది. ఒకసారి గార కట్టాక బ్రష్‌కూ మిస్వాక్‌కూ లొంగదు. డాక్టర్ దగ్గర తీయించుకోవాలి. ఇక్కడే మన ఊళ్ళలో ఒక పెద్ద గలత్‌ఫహమీ ఉంది. ‘నక్కో రే, క్లీనింగ్ కరాయే తో దాంత్ హిల్ జాతే’ అని ప్రతి దాదీ చెప్తుంది. పళ్ళు సాఫ్ చేయిస్తే కదులుతాయట! అసలు జరిగేది ఇది. ఏళ్ళ తరబడి గార కింద చిగురు దిగిపోయి, లోపల ఎముక అరిగిపోయి ఉంటుంది. అప్పటికే పన్ను వదులైంది. పక్కపక్క పళ్ళను కలిపి గారే సిమెంటులా పట్టి ఉంచింది. ఆ సిమెంటు తీయగానే ఉన్న కదలిక బయటపడుతుంది. గోడ పునాది తిన్నది చెద, తప్పు చెద తీసినవాడి మీద వేస్తే ఎట్లా?

పళ్ళ పురుగు సంగతీ అంతే. పంట్లో పురుగుందని, చెవిలో పసరు పోసి పురుగు తీస్తామని తిరిగేవాళ్ళు ఉన్నారు. పంట్లో పురుగు ఉండదు. పాచిలోని జీవాలు చక్కెర తిని పులుపు వదులుతాయి. ఆ ఆమ్లమే ఎనామిల్ అనే గట్టి పెంకును కరిగించి గుంత చేస్తుంది. తీపి నోట్లో పడిన కొన్ని నిమిషాల్లో మొదలైన ఆ పులుపు తగ్గడానికి అర గంట నుంచి గంట పడుతుంది. దీనర్థం ఏంటంటే, ఎంత తీపి తిన్నామన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది పెద్ద లెక్క. దస్తర్ఖాన్ మీద కూర్చుని ఒకేసారి షీర్ ఖుర్మా రెండు గిన్నెలు తాగినవాడికన్నా, దుకాణంలో కూర్చుని గంటకో కప్పు తీపి చాయ్ తాగేవాడి పళ్ళు ముందు పోతాయి. మార్కెట్ యార్డులో, మిల్లు దగ్గర, మగ్గం పక్కన మనవాళ్ళ దినమంతా చాయ్ మీదే నడుస్తుంది. చాయ్ మానమని నేను అనను, అన్నా ఎవరూ వినరు. చక్కెర తగ్గించండి, సార్లు తగ్గించండి, తాగాక నీళ్ళు పుక్కిలించండి. కుల్లీ నిజంగా పనికొచ్చే చోటు అది.

చాయ్ తర్వాత సుపారీ. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను. పాన్‌లో వక్క, పొట్లాల సుపారీ, జర్దా, కాగితం మీద నిషేధం ఉన్నా చేతికందే గుట్కా, ఇవన్నీ నోటికి జహర్. పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే కేన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధనా విభాగం తేల్చిచెప్పింది. వక్క నమిలే మనిషికి బుగ్గల లోపల చర్మం గట్టిపడి నోరు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. రెండు వేళ్ళు పట్టని నోట్లో బ్రష్ ఎట్లా పోతుంది? ఇంకో మోసం, పొగ తాగేవాళ్ళకు చిగుళ్ళలో రక్తం తక్కువ కనబడుతుంది. రక్తనాళాలు ముడుచుకుపోవడం వల్ల అట్లా జరుగుతుంది. బయటికి బాగున్నట్టే ఉండి లోపల ఎముక పోతుంది. నల్ల మంజన్ పేరుతో అమ్మేవాటిలో కొన్నిటిలో పొగాకు కలుస్తుంది. అది రుద్దుకోకపోతే పొద్దున ఏమీ తోచదని ఏ నానీ అయినా అంటుంటే, అది పళ్ళ మీద ప్రేమ కాదు, నషా. ఇటుకపొడి, బొగ్గు గరుగ్గా నూరి రుద్దడం కూడా వద్దు. పాచితోపాటు పన్నూ అరుగుతుంది.

ఇంత చెప్తున్నావు, పళ్ళు పోతే పోతాయి, కట్టుడుపళ్ళు లేవా అంటారా? ఈ మాట అనేవాళ్ళను నేను ఒకటి అడుగుతాను. తిలావత్ సంగతేంటి? మద్రసాలో తజ్వీద్ చదివే ఏ పిల్లవాడినైనా మఖ్‌రజ్ గురించి అడగండి. సా, జాల్, జో అనే మూడు హర్ఫులు నాలుక కొస పై ముందుపళ్ళ అంచును తాకితేనే సరిగ్గా పుడతాయి. ఫే పలకాలంటే కింది పెదవి ఆ పళ్ళనే తాకాలి. తే, దాల్, తోయ్ ఆ పళ్ళ మొదళ్ళ దగ్గర పుడతాయి. సీన్, స్వాద్, జే ఈల వేసినట్టు రావాలంటే ముందుపళ్ళ అడ్డు ఉండాలి. అల్లాహ్ మనిషికి ఇచ్చిన పళ్ళు నమలడానికే కాదు, ఆయన కలామ్ సరిగ్గా పలకడానికి కూడా. పళ్ళు లేని ముసలి మనిషి తిలావత్‌ను అల్లాహ్ ఖబూల్ చేస్తాడు, అందులో నాకు షక్ లేదు. కానీ కాపాడుకోగలిగిన అమానత్‌ను పాచికి వదిలేయడం వేరే సంగతి.

సున్నత్ మిస్వాక్ విషయంలో మనమంతా వినే హదీస్ ఉంది. ఉమ్మత్‌కు బరువవుతుందన్న రహమ్ లేకపోతే ప్రతి నమాజ్‌కూ మిస్వాక్‌ను హుకుం చేసేవారని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు. రాత్రి లేచినప్పుడు, ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు ఆయన మిస్వాక్ చేసేవారు. ఈ లోకం విడిచే ఘడియల్లో కూడా హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా మెత్తగా చేసి ఇచ్చిన మిస్వాక్‌తో పళ్ళు తోముకున్నారు. ఆ మెత్తగా చేయడంలోనే నాకు పెద్ద సబఖ్ కనబడుతుంది. ఎండిన పుల్ల సున్నత్ కాదు. కొసను నమిలి, కుచ్చు చేసి, పళ్ళ మీద రుద్దడం సున్నత్. మస్జిద్ ముందు అత్తర్, టోపీల పక్కన కొన్న పీలు పుల్ల నెలరోజులు అదే కొసతో, అదే ఎండిన కుచ్చుతో జేబులో తిరిగితే అది మురికి పుల్లే. వాడిన కొసను రోజూ కోసేయాలి, పుల్లను నీళ్ళలో నానబెట్టాలి, చిగురు నుంచి పంటి అంచు వైపుకు రుద్దాలి, పళ్ళ వెనకవైపుకూ, చివరి దవడ పళ్ళకూ ఓపిగ్గా చేర్చాలి.

మిస్వాక్‌లో సైన్సు ఉందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లను చూసి గర్వపడడం మనకు అలవాటైంది. పీలు పుల్లలో బెంజైల్ ఐసోథయోసైనేట్ అనే ఘాటు పదార్థం ఉందని, అది చిగుళ్ళను తినే జరాసీమ్‌ను చంపుతుందని స్వీడన్‌లో కరోలిన్స్కా సంస్థ పరిశోధకులు 2011లో చూపించిన మాట నిజమే. కానీ పాచిలో దాక్కున్న జీవి దగ్గరకు ఏ మందైనా పోవాలంటే ముందు ఆ ముద్ద విడిపోవాలి. ఆ పని చేసేది చెయ్యి. ఫార్వర్డ్ చేసే వేలు మిస్వాక్ పట్టుకుంటే చాలు. బ్రష్ వాడేవాళ్ళూ తక్కువ అనుకోవద్దు. ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్‌లో ఒక ఫాయిదా ఎక్కువ, కరగడం మొదలైన పంటిని అది మళ్ళీ గట్టిపరుస్తుంది. రాత్రి బ్రష్, పేస్ట్, పగలు వజూకు మిస్వాక్, ఇద్దరికీ గొడవ లేదు. ఇంక ఖిలాల్ మరవొద్దు. మిస్వాక్ గానీ బ్రష్ గానీ రెండు పళ్ళ మధ్య సందులోకి పోదు. పాచి అక్కడే ముదురుతుంది. ఖిలాల్ అనే మాట మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. గుండుసూదితో పొడుచుకోవడం కాదు, సన్నని దారంతో రోజుకోసారి సందులు తుడవడం నేర్చుకోండి. పత్తి ఊళ్ళో దారం దొరకదా అని హాస్యం చేయను, దానికని నున్నని దారం మెడికల్ షాపులో దొరుకుతుంది.

రంజాన్‌లో ఈ సంగతి మరీ ముఖ్యం. పగలంతా లాలాజలం తక్కువ. ఇఫ్తార్‌లో పళ్ళకు పట్టే ఖజూర్, షర్బత్, ఆ తర్వాత రాత్రంతా ఏదో ఒక తీపి, సహరీ తిని కుల్లీ చేసి పడుకోవడం. రోజాదారు నోటి వాసన అల్లాహ్‌కు ఎంత ప్రియమో చెప్పే హదీస్‌ను పాచికి సర్టిఫికెట్‌లా వాడుకునేవాళ్ళను చూశాను. ఆ ఫజీలత్ రోజాది, పాచిది కాదు. తరావీహ్ తర్వాత తినడం అయిపోగానే ఒకసారి, సహరీ ముగించే ముందు ఒకసారి పేస్ట్‌తో తోముకోండి. పగలు మిస్వాక్ చేయొచ్చు, మన హనఫీ మస్లక్‌లో దానికి రోజంతా ఇజాజత్ ఉంది. షాఫయీలు జవాల్ తర్వాత వద్దంటారు. పగటిపూట పేస్ట్ గురించి మీ ఇమామ్ సాబ్‌ను అడగండి.

ఇంట్లో ఆడవాళ్ళ గురించి మాట్లాడకపోతే ఈ రాత అధూరా. మన ఇళ్ళలో అమ్మీకి పన్ను నొప్పి వస్తే లవంగం పెట్టుకుంటుంది. మొహం వాస్తే దుపట్టా చుట్టుకుంటుంది. డాక్టర్ దగ్గరికి పోయేది ఆఖరికి, పన్ను తీసేయాల్సిన రోజున. ‘ఎవరు తీసుకుపోతారు, ఎంతవుతుంది, మగ డాక్టర్ అయితే ఎట్లా’ ఇవి మూడు అడ్డాలు. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు తొందరగా వాస్తాయి, అప్పుడే ఆమెను అసలు తీసుకుపోరు. షుగర్ బీమారీ ఉంటే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ అదుపు తప్పుతుంది, రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి. షుగర్ మాత్రలు తెచ్చే కొడుకులు అమ్మీ నోట్లోకి ఒక్కసారి చూశారా? తల్లి నోట్లోని పళ్ళు పుచ్చే జరాసీమ్ ఎంగిలి చెంచాతో బిడ్డ నోట్లోకి చేరుతుంది. కాబట్టి తల్లి పళ్ళు బాగుచేయిస్తే బిడ్డ పళ్ళకూ మేలు. తహ్నీక్ చేసే బుజుర్గ్ నోరు కూడా ముందు సాఫ్‌గా ఉండాలని నేనంటే కోపం తెచ్చుకోకండి. తీపి పాల సీసా నోట్లో పెట్టి బిడ్డను నిద్రపుచ్చే ఆదత్ మాత్రం ఈ రాత్రే మానండి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, ఆ పాలు తెల్లవార్లూ పళ్ళ మీదే ఉంటాయి. మొదటి పన్ను కనబడగానే తోమడం మొదలుపెట్టండి. మూడేళ్ళలోపు బియ్యం గింజంత పేస్ట్, ఆరేళ్ళ వరకు బఠానీ గింజంత చాలు. ఆరేడేళ్ళదాకా పెద్దోళ్ళే తోమాలి, పిల్లవాడి చేతికి బ్రష్ ఇచ్చి వదిలేస్తే వాడు నమిలి పారేస్తాడు.

ఖర్చు మాట నిజమే. కానీ లెక్క తిరగేసి చూడండి. బ్రష్ ధర ఒక పూట చాయ్‌ల ఖర్చు. గార తీయించడం ఒక పండగ బట్టకు పెట్టేదానికన్నా తక్కువే అవుతుంది. నరందాకా పోయిన పన్ను బాగుచేయించి, తొడుగు వేయించాలంటే మాత్రం నెల కూలీ పోతుంది. కర్నూలులో పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో బయటి క్లినిక్‌లకన్నా తక్కువలో పని జరుగుతుంది. ఇంట్లో నలుగురూ కలిసి ఒక దినం పోయి రండి. ఉర్స్‌కు, పెళ్ళికి బస్సు మాట్లాడుకునే మనకు అది కష్టం కాదు.

మన ఇమామ్ సాబ్‌లకు, మద్రసా నడిపే పెద్దలకు నా గుజారిష్. జుమా బయాన్‌లో మిస్వాక్ సవాబ్ చెప్పినప్పుడు మిస్వాక్ ఎట్లా చేయాలో కూడా మింబర్ మీద నుంచి చెప్పండి. మద్రసాలో ఉండి చదివే పిల్లలకు ఇషా తర్వాత పళ్ళు తోముకునే వక్త్ టైంటేబుల్‌లో పెట్టండి. పెద్ద పిల్లవాడు చిన్నవాడి పళ్ళు చూసే ఏర్పాటు చేయండి. తోమిన తర్వాత గోటితో పంటి మీద గీసి చూస్తే తెల్లని మెత్తటిది రాకూడదు, నాలుకతో తడిమితే అద్దంలా జారాలి. ఈ పరీక్షకు డాక్టర్ అక్కర్లేదు, ఏ పిల్లవాడైనా నేర్చుకుంటాడు.

మిగతా అందరికీ చెప్పేది ఒక్కటే. ఇషా చదివి, తినడం తాగడం ముగించాక, పడుకునే ముందు రెండు నిమిషాలు. ముందుపళ్ళు నాలుగు గీతలు గీసి వదలకుండా, లోపల, బయట, చివర, ప్రతి పంటినీ చిగురు అంచు దగ్గర నుంచి. బలం వద్దు, ఓపిక కావాలి. ఆ తర్వాత నీళ్ళు తప్ప ఏమీ వద్దు. వజూలో కుల్లీ ఎట్లాగూ చేస్తూనే ఉంటాం. దానికి ముందు రుద్దడాన్ని మళ్ళీ తెచ్చి పెడితే, మన పిల్లలకు అరవై ఏళ్ళొచ్చినా అల్లాహ్ కలామ్‌ను సొంత పళ్ళతో పలుకుతారు, ఇన్షా అల్లాహ్.